ఖార్టూం సాక్షి

ఖాజీ ఎదుట గఫూర్ సాబ్ ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

ఆయన సాక్ష్యం నిలబడితే నూర్ బీ మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు. మొగుడు పోయిన ఆడది ఆగాల్సిన గడువు తీరగానే గఫూర్ సాబ్‌తోనే నిఖా. నిలబడకపోతే, ఉన్నాడో లేడో తెలియని మొగుడి పేరు చెప్పుకుని ఆమె ఎమ్మిగనూరులో ఇంకెన్నేళ్లు మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చోవాలో ఆ అల్లాకే తెలియాలి. అప్పటికే పందొమ్మిది వందల యాభై రెండు వచ్చేసింది.

యుద్ధం రోజుల్లో నూర్ బీ మొగుడు మౌలాలీ, గఫూర్ సాబూ ఓ కంట్రాక్టరు వెంట పటాలానికి వంట చేయడానికి ఆఫ్రికా పోయారు. గఫూర్ సాబ్ ఒక్కడే తిరిగొచ్చాడు. మౌలాలి ఖార్టూంలో జ్వరమొచ్చి పోయాడన్నాడు. కంట్రాక్టరు మనుషుల గురించి సర్కారు కబురు పంపదు కదా! కళ్లారా చూసినవాడి మాటే ఆధారం.

"ఈయప్ప నిజంగా ఆ ఊరు చూసినాడో, బొంబాయి రేవు కాడ్నుంచే తిరిగొచ్చినాడో నేను కనుక్కుంటా," అన్నాడు ఇమాం సాబ్. ఆదోని నుంచి ఖాజీ పిలిపించిన మాజీ జమేదారు ఆయన. యుద్ధమప్పుడు ఖార్టూంలోనే పనిచేశాడు.

ఆయన గఫూర్ సాబ్ వైపు తిరిగాడు. తెర వెనక నూర్ బీ గాజులు కదిలాయి.

"ఆడ నదులెన్ని?"

"రెండన్నా. ఒగటి తెల్లగా, ఒగటి నీలంగా. కలిసినాంక గూడా శానా దూరం రంగు కలపకుండా పక్కపక్కనే పోతాంటాయి."

"లాటుదొర బంగళా?"

"నీలినది ఒడ్డున. దాని ఎనక బాటలో ఒంటె మీద దొర బొమ్మ ఉండాది."

"ఇనుప వంతెన దాటితే ఒమ్‌దుర్మాన్. ఆడ ఇంగ్లీషోళ్ల మీద తిరగబడిన మహదీ సమాధి గుంబజ్ ఏం రంగు?"

గఫూర్ సాబ్ నుదుట చెమట పట్టింది.

"రంగు యాడిదన్నా, గుంబజే లేకపాయె. ఇంగ్లీషోళ్లు ఫిరంగులతో కూలగొట్టినారంట. గోడలే నిలబడిండాయి."

ఇమాం సాబ్ లేచి ఆయన్ని కావలించుకున్నాడు.

"ఆ ఊర్లో సందుసందూ తిరిగినోడే ఖాజీ సాబ్. నాకింగ అనుమానం లేదు."

ఊరు నిజమైతే చావూ నిజమేనని ఖాజీ తలూపాడు. తెర వెనక నూర్ బీ వెక్కివెక్కి ఏడ్చింది. గఫూర్ సాబ్ అటు తల తిప్పలేకపోయాడు.

స్వదేశానికి బయల్దేరే ముందు రోజు ఆయన్ని ఆ ఊరంతా తిప్పి ఇవన్నీ చూపించి, "ఇంకొన్నేళ్లకు నేనూ వస్తా, ఎదురుచూడమని నూర్ బీకి చెప్పరా గఫూర్" అని సాగనంపింది మౌలాలీయే.