సివంగి పాట, ఐదు టేపులు

సైకిల్ షాపు మీది గదిలో వెనక వరుస కుర్చీ ఒకటి లాక్కుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది తల్లి. రమ్మని ఎవరూ పిలవలేదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి మాట మటుకు సిద్ధంగా ఉంచుకుంది: ఆ ముందు కూర్చున్న పిల్లని కన్నదాన్ని, చాలా?

ముందు వరుసలో కూర్చున్న కూతురు వెనక్కి తిరిగి చూసి తెల్లమొహం వేసింది. తప్పు చేస్తున్నవాళ్ల మొహం అలాగే ఉంటుంది అనుకుంది తల్లి.

మూడు నెలలుగా ప్రతి ఆదివారం ఇదే వరస. గాయని సివంగి అభిమాన సంఘమని చెప్పి వెళ్తుంది, పొద్దుగూకే వేళకి గొంతు పోయి వస్తుంది. మెడకి గుడ్డ చుట్టుకుంటుంది, వేడినీళ్లు తప్ప తాగదు. పిల్ల పనిచేసేది మందుల షాపులో. ఏం మింగుతోందో ఏమోనని తల్లి దాని సంచీ వెతికితే బిళ్లలు దొరికాయి. వాటిలో ఒకటి పట్టుకెళ్లి వేరే షాపులో చూపించింది. దగ్గుబిళ్ల అన్నారు. ఆమె నమ్మలేదు.

ఈ పొద్దున షర్టులకి బొత్తాలు కుడుతుంటే పక్కగదిలోంచి కూతురు ఫోన్లో మాట్లాడటం వినిపించింది. "ఇవాళ ఎవరూ పట్టుకోలేకపోతే మీతో వచ్చేస్తానండీ. అమ్మకి మాత్రం నేనే చెప్తాను, మీరు చెప్పకండి."

సూది వేలికి గుచ్చుకున్న సంగతి కూడా ఆమెకి తెలియలేదు. చెప్పులు వేసుకుని, వీధిలో పాతిక అడుగుల వెనకగా కూతుర్ని వెంబడించి వచ్చింది.

ఆ 'మీరు' ఎవరో గదిలో అడుగుపెట్టగానే పోల్చుకుంది. టేపు మిషను దగ్గర నిలబడిన తెల్లబూట్ల మనిషి. పిల్లకి తండ్రి వయసుంటుంది. ఎవరితోనూ మాట్లాడడు, ఉండి ఉండి కూతురి వైపే చూస్తున్నాడు.

"ఎవరు బాబూ ఆయన?" పక్క కుర్చీలోని మంగలిని అడిగింది.

"సివంగి దగ్గర పదిహేనేళ్లు మైకులు చూశారండీ, పిన్నిగారూ. ఆవిడ పాడటం మానేశాక సొంతంగా బ్యాండు కడుతున్నారట. ఊరూరా తిరుగుతారట."

"పెళ్లయిందా?"

"అది నేనడగలేదండీ."

లెక్కల మాస్టారు లేచి గొంతు సవరించుకున్నాడు. "కొత్తవాళ్లున్నారు కాబట్టి మళ్లీ చెప్తున్నాను. సివంగి పాట ఒకటే, కచేరీలు ఐదు. ఏ ఊరో, ఏ సంవత్సరమో చెప్పరు, నంబరొక్కటే. ఏది అన్నిటికన్నా గొప్పగా ఉందో దానికి చెయ్యెత్తాలి. పేరు చూసి కాదు, చెవితో."

"చెవులున్నవాళ్ల సంగతి లెండి," అన్నాడు మంగలి. "పోయినసారి ఆవిడ జలుబుతో పాడినదానికి తమరు చెయ్యెత్తారు."

"జలుబు కాదయ్యా, అది ఆర్ద్రత."

మొదటి టేపు పెట్టారు. తల్లికి రేకుల మీద కంకర పోసినట్టుంది. రెండోది అంతకన్నా ఎక్కువ కంకర. ఆమె కళ్లు మాత్రం తలుపు మీదే ఉన్నాయి. ఎవరు వస్తారు, ఎవరిని పట్టుకుంటారు? పోలీసులా?

మూడోది అడుగునుంచి మొదలై, జనం ఈలల మధ్య నుంచి ఒక్కసారి పైకి లేచింది. లేచి అక్కడే నిలబడిపోయింది. ఎంతసేపంటే, తను ఊపిరి బిగబట్టిన సంగతి తల్లికి ఆలస్యంగా తెలిసింది.

"ఇంత అరుపు అరుస్తుంటే దీని తల్లి ఎలా ఊరుకుందో," అని గొణిగింది.

మంగలి నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాడు. గదిలో అందరూ మిషను వైపే చూస్తున్నారు, ఇద్దరు తప్ప. కూతురూ ఆ తెల్లబూట్ల మనిషీ ఒక్కొక్కరి మొహమే కనిపెట్టి చూస్తున్నారు, జేబు కొట్టబోయేవాళ్లలాగా. తల్లి చేతిసంచిని పొట్టకి అదుముకుంది.

ఐదూ అయ్యాయి. మూడో నంబరు అనగానే చేతులన్నీ లేచాయి, తల్లిదీ కూతురిదీ తప్ప.

"మాస్టారూ, రెండు చేతులెత్తితే రెండు ఓట్లు కావండీ," అన్నారెవరో.

"స్టేడియం కచేరీ ఇది, ఎనిమిదేళ్లయింది," అన్నాడు మాస్టారు చేతులు దించకుండా. "ముందు వరుసలో ఉన్నాను నేను."

"కాదండీ, వానలో జరిగింది. తడిసి ముద్దయినవాణ్ణి, నాకు తెలీదా?" అన్నాడు మంగలి.

"వాన చప్పుడేదీ?"

"ఆ గొంతు ముందు వానెంత?"

"సరే, అది తర్వాత తేల్చుకుందాం. సివంగి తప్ప ఇంకెవరూ ఇలా పాడలేరు. ఇందులో మనకి గొడవ లేదు కదా?"

లేదన్నారు అందరూ.

తెల్లబూట్ల మనిషి మిషను ఆపి కూతురి వైపు తిరిగాడు. "ఎవరూ పట్టుకోలేదమ్మా," అన్నాడు మెల్లగా.

తల్లి లేచింది. "ఏం పట్టుకోలేదయ్యా? ఏం చేశారు మీరిద్దరూ? నా పిల్లని ఎక్కడికి తీసుకుపోతావు?"

కూతురు వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఆయన్ని ఏమీ అనకమ్మా."

"పెళ్లి చేసుకున్నావా?"

"లేదు."

"ఏదైనా మింగుతున్నావా?"

"లేదమ్మా."

"మరి ఏం దాచావే, నా దగ్గర?"

కూతురు గదంతా ఒకసారి చూసింది. మాస్టారు చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

"ఆ ఈలలు ఆయన పాత టేపులోంచి కలిపినవి. మూడో నంబరు పాడింది నేనమ్మా."