ఒడ్డున దొరికిన సభ్యుడు

"సిగ్గెందుకు బాబూ, బయటికి రా! ఇక్కడ అందరం పుట్టినప్పటి అవతారంలోనే ఉన్నాం!" వీబ్కే కేకేసింది.

పైన్ చెట్టు వెనకనుంచి ముప్పయ్యేళ్ల మనిషి తొంగిచూశాడు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

ఆవిడ అన్నది నిజమే. ఆ బాల్టిక్ తీరంలో దిగంబర సంఘం వాళ్లకి చేతి తొడుగులు, బూట్లు, టోపీలు తప్ప ఒంటిమీద ఇంకేమీ లేవు. ఏటా వేసవి మొదట్లో ఇసుక దిబ్బల్లో చెత్త ఏరేది వాళ్లే. కానీ కొత్త ముఖం కనపడి ఏళ్లయింది, ఉన్నవాళ్లకేమో మోకాళ్లు వంగవు. ఈసారీ ఎవరూ చేరకపోతే సంఘం ఎత్తేద్దామని నిన్ననే అనుకున్నారు. అధ్యక్షురాలు వీబ్కేకి కంటిమీద కునుకు లేదు. ఆవిడ నడక నేర్చింది ఈ ఇసుకలోనే మరి.

"అది కాదండీ, నా..."

"తొలిరోజు అందరూ 'అది కాదండీ' అనేవాళ్లే! పేరేంటి?"

"టిల్మాన్."

"ఎగోన్, మన టిల్మాన్‌కి ఓ సంచీ, టోపీ ఇవ్వు!"

టోపీ ఎక్కడ పెట్టుకోవాలో టిల్మాన్ కాసేపు తేల్చుకోలేకపోయాడు. పనిలో దిగాక మాత్రం ఆగలేదు. పొదలన్నీ గాలించాడు. పక్కవాళ్లు నింపిన సంచులు కూడా విప్పి, అడుగుదాకా చూసి, మళ్లీ కట్టాడు.

"సీసాలు వేరు చేస్తున్నాడు కాబోలు. ఇంత శ్రద్ధ మా అల్లుడికి కూడా లేదు!" ఎగోన్ మురిసిపోయాడు.

"ఇంకా సంచులున్నాయా?" అడిగాడు టిల్మాన్.

"పొద్దున్నే ఓ బండెడు పంపేశాం. ఈపాటికి తగలబెట్టేసి ఉంటారు."

టిల్మాన్ ఇసుకలో చతికిలబడ్డాడు.

"పాపం, అదీ తనే ఏరాలనుకున్నట్టున్నాడు," అంది వీబ్కే ముచ్చటపడుతూ.

మధ్యాహ్నానికి అతను చేతులు అడ్డుపెట్టుకోవడం మానేశాడు. చిరిగిన వల లాగుతూ ఎగోన్ నీళ్లలో వెల్లకిలా పడితే అందరికంటే గట్టిగా నవ్వాడు. వీపుకి ఎండ ఇంత హాయిగా ఉంటుందని తెలీదన్నాడు. తీరం కడిగినట్టు తయారైంది.

"మా సంఘంలో చేరతావా?" వీబ్కే ఉండబట్టలేక అడిగేసింది.

టిల్మాన్ సముద్రంవైపు చూశాడు. నవ్వొచ్చింది.

"చేరతానండీ."

వీబ్కే కళ్లు తుడుచుకుంది. "ఇవాళ చేపలూ బీరూ నా లెక్క! వెళ్లి నీ బట్టలు తెచ్చుకో, ఊళ్లోకి పోదాం."

"నేను ఈదొచ్చేలోగానే అవి మీ చెత్తబండి ఎక్కేశాయండీ."