గేటు దగ్గర అత్త

శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు రత్తమ్మ నరసరావుపేటలో ఒక నీలం గేటు ముందు కూర్చుంది. గేటుకు లోపలి నుంచి తాళం వేసి ఉంది.

మొగుళ్ల చేతిలో దెబ్బలు తిని వచ్చిన ఆడవాళ్లు ఆ ఇంట్లో తలదాచుకుంటారు. బయట బోర్డు ఉండదు. ఎవరు వచ్చి ఎవరి పేరు అడిగినా, ఉన్నారనీ చెప్పకూడదు, లేరనీ చెప్పకూడదు. వార్డెన్ వనజ ఆ నియమం ఎన్నడూ తప్పలేదు.

"ఎవరు కావాలి?" గేటు సందులోంచి అడిగింది వనజ.

"నేను నాగమల్లేశ్వరి అత్తనమ్మా. మాచర్ల కాడి నుంచి వచ్చా."

"ఇక్కడ ఎవరున్నారో నేను చెప్పను. వెళ్లిపోండి."

"ఉందని నాకు తెలుసులే తల్లీ. ఆస్పత్రిలో ఆయమ్మ చెప్పింది. నీలం గేటంది, బోర్డు ఉండదంది."

వనజ గేటు తాళం మరోసారి లాగి చూసింది. పోయిన వారం నాగమల్లేశ్వరి తలకు కుట్లు వేయించింది ఆ ఆస్పత్రిలోనే. అక్కడ వాకబు చేస్తే ఇల్లు తెలిసిపోతోందన్నమాట. తల్లికి తెలిశాక కొడుక్కి తెలియడానికి ఎంతసేపు?

లోపలికి వెళ్లేసరికి నాగమల్లేశ్వరి వంటగది కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"అక్కా, గేటు తియ్యబాక. వాడు సందు చివర కాసుకుని ఉంటాడు. ముందు ఆమెను తోలతాడు."

"నీతో ఎట్లా ఉండేది?"

"ఆ రోజు వాడు నా తల గోడకేసి కొడతంటే బయట గొళ్లెం పెట్టింది ఎవరనుకున్నావ్? ఈమే. పక్కింటోళ్లు వింటారని టీవీ సౌండు కూడా పెంచింది."

వనజ మేడ మీదికెక్కి సందు రెండు వైపులా చూసింది. మగమనిషి ఎవరూ కనిపించలేదు. అయినా మలుపు అవతల ఎవరున్నదీ మేడ మీదికి కనపడదు. కిందికి వచ్చి నీళ్ల సీసా గేటు కింద నుంచి అందించింది. రత్తమ్మ ఎడమచేత్తో తీసుకుని, సీసాను మోకాళ్ల మధ్య ఇరికించుకుని మూత తిప్పింది.

"చల్లగా ఉన్నాయి తల్లీ. కోడల్ని పిలవొద్దులే. నన్నే ఒకసారి లోపలికి రానీ. ఒక మూల కూకుంటా."

"ఎందుకు?"

రత్తమ్మ ఎదురింటి వైపు చూసింది. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు అరుగు మీద నిలబడి ఇటే చూస్తున్నారు.

"లోపలికొచ్చి చెబుతా. రోడ్డు మీద చెప్పే మాట కాదు."

"మీ అబ్బాయి పంపాడా?"

"వాడికి చెప్పి రాలేదు."

లోపల నాగమల్లేశ్వరి ఆగలేకపోయింది. నియమం మరిచి కిటికీలోంచి అరిచింది. "కొడుక్కి చెప్పకుండా గడప దాటే మొహమేనా అత్తా నీది! ఏంది ఈ ఏషాలు?"

రత్తమ్మ తలెత్తి కిటికీ వైపు చూసింది.

ఇక లాభం లేదనుకుని వనజ పోలీస్ అవుట్‌పోస్టుకు ఫోన్ చేసింది. కానిస్టేబుల్ యాకూబ్ తెలిసినవాడు, నెమ్మదస్తుడు.

"ఆమెను తిట్టొద్దు, లాగొద్దు. మర్యాదగా మాచర్ల బస్సు ఎక్కించండి," అంది వనజ. "దారిలో ఏడుస్తుంది, ఏవేవో చెబుతుంది. మీరు మెత్తబడొద్దు. ఒక్కసారి తలుపు తీశామంటే ఈ పిల్ల ప్రాణాలకు నాది పూచీ కాదు."

యాకూబ్ ఆటో వెంటబెట్టుకుని వచ్చాడు.

"లే పెద్దమ్మా. ఈ ఎండకు కాకులు కూడా బయటికి రాలేదు, నువ్వేంది ఇక్కడ?"

"నేను పోను నాయనా."

"పోకపోతే మా స్టేషన్లో కూకుంటావా? అక్కడ ఫ్యాను కూడా తిరగదు." అని నవ్వి, ఆమె సంచి తీసి ఆటోలో పెట్టాడు. రత్తమ్మ కాసేపు సంచి వైపు, కాసేపు గేటు వైపు చూసింది. తర్వాత సంచి వెనకాలే వెళ్లి ఆటో ఎక్కింది.

ఆ రోజు నాగమల్లేశ్వరి అడిగి రెండోసారి అన్నం పెట్టించుకుంది. "నువ్వు లేకపోతే ఈపాటికి నన్ను ఈడ్చుకుపోయేవోళ్లు అక్కా," అంది.

సాయంత్రం ఆరు దాటాక వనజ యాకూబ్‌కు ఫోన్ చేసింది.

"బస్సు ఎక్కించారా?"

"రెండింటికే ఎక్కించా మేడం. మీరు ముందే చెప్పబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నేను కరిగిపోయేవాణ్ణి. ఆటోలో ఒకటే ఏడుపు."

"ఏమంది?"

"కోడలు వచ్చేసినకాడి నుంచి వాడు తననే కొడతన్నాడంట. కోడలికి తాను చేసింది పాపమేనంట, ఆ పిల్ల నాలుగు తిట్టినా పడుంటానంది. మీ కాడ ముసలోళ్లను కూడా ఉంచుకుంటారేమో అడుగుదామని వచ్చిందంట."

వనజ కుర్చీలోంచి లేచింది. "ఏ బస్సు? ఇప్పుడు ఎక్కడుంది?"

"కంగారేం లేదు మేడం, చేరిపోయింది. పెద్దావిడ ఒక్కతే పోతోందని ఆమె ఫోన్లోనే నంబరు చూసి వాళ్లబ్బాయికి నేనే ఫోన్ చేశా. స్టాండుకొచ్చి బండి మీద ఇంటికి తీసుకుపోయాడంట. ఇందాకే ఫోన్ చేసి థాంక్స్ చెప్పాడు."