రంగు కింద

గేటు మీద ఆ గీతలు మళ్ళీ కనిపించాయి.

వాచ్‌మన్‌కి ఒళ్ళు మండిపోయింది. నిన్ననే కదా నల్లరంగు పూసి చచ్చాడు!

పాత ఎస్టేటు గేటు అది, రెండు నిలువుల ఎత్తు. నిండా ఇనుప తీగలు, ఇనుప ఆకులు, ఒక్కో రెక్కకీ ఓ నెమలి. చూడవచ్చినవాళ్ళంతా ముందు దాన్నే ఫొటో తీసుకుంటారు. రంగు చెడితే ఉద్యోగం ఊడుతుందని మేనేజరు చెప్పనే చెప్పాడు.

గీకేదెవరో అతనికి తెలుసు. మొహం మీదికి కొంగు లాక్కుని రోజూ వచ్చే ఆ ముసలామె. రెక్కని స్తంభానికి పట్టి ఉంచే కింది బందు దగ్గర, ఎప్పుడూ అదే చోట, మేకుతో రంగు ఊడగొట్టి పోతుంది.

ఆ సాయంత్రం చేతికి చిక్కింది.

"ఏం పోయేకాలం వచ్చింది నీకు?" అంటూ మేకు లాక్కున్నాడు.

"రంగు వెయ్యకు నాయనా. వేస్తే కనపడదు."

ఏం కనపడదో అడిగే ఓపిక అతనికెక్కడిది? ఆమె చూపు అప్పటికే అతని కూతురి మీద ఉంది. బడి నుంచి వచ్చిన పిల్ల రెక్క అడుగు కమ్మీ మీదికెక్కి ఊగుతోంది. బందు కిర్రుకిర్రుమంటోంది.

"పాపని ఎక్కనివ్వకు. ఇది పిల్లల్ని మిగల్చదు."

తల్లి లేని పిల్ల, అతనికున్నదల్లా అదొక్కతే. ఆ పాడునోటి మీద కోపం వచ్చింది గానీ, ఆమె వేలు చూపిస్తున్న చోటికి అతని చూపు పోలేదు. మళ్ళీ కనిపిస్తే కాళ్ళు విరగ్గొడతానని రోడ్డు దాకా తరిమాడు.

తర్వాత డబ్బా తెచ్చాడు. గీకిన చోట సన్నగా ఏదో చీలికలా కనిపించింది. పాత రంగు పెచ్చులే అనుకుని, దిట్టంగా రెండు పూతలు పట్టించాడు.

మర్నాడు పిల్ల మళ్ళీ ఎక్కింది.

ఈసారి బందు కిర్రుమనలేదు. ఠప్పుమంది.

అతను తల తిప్పేసరికి రోడ్డవతల నుంచి ముసలామె పరుగెత్తుకొస్తోంది. ఆ వయసులో అంత పరుగు ఎలా వచ్చిందో! పిల్లని రెండు చేతులా లాగి పక్కకి తోసేసింది. రెక్క ఆమె మీద పడింది.

పిల్లకి మోచేయి గీరుకుపోయిందంతే.

తోట చివరి నుంచి ముసలి తోటమాలి పరుగున వచ్చాడు. రోడ్డు మీద పోయేవాళ్ళూ చేరి రెక్క ఎత్తారు గానీ ఆమెలో ఊపిరి లేదు. విరిగిన బందులో ఎప్పటిదో పాత అతుకు, తుప్పుపట్టి కనిపించింది.

తోటమాలి ఆమె మొహం మీది కొంగు తొలగించాడు. అక్కడే కూలబడిపోయాడు.

"ఎవరు తాతా?" అడిగాడు వాచ్‌మన్.

"చాలా ఏళ్ళ కిందట ఇక్కడున్న వాచ్‌మన్ పెళ్ళాం. నువ్వుంటున్న ఆ గదిలోనే ఉండేవాళ్ళు," అన్నాడు తోటమాలి. "వాళ్ళ పాప కూడా బడి నుంచి రాగానే ఈ రెక్క మీదే ఊగేది."