గూడబాతు అడిగిన ప్రశ్నలు

"నాది నెక్రోమాన్సర్ మామ్మా."

మెట్లెక్కుతున్న ప్రభావతికి ఆ మాటలో 'నెక్కూ', 'క్యాన్సరూ' మాత్రమే వినపడ్డాయి.

చేతిలోని గంజి గిన్నె మెట్టు మీదే వదిలేసి డాబా మీదికి పరుగెత్తింది. కూతురు సుప్రియ మెడంతా తడిమింది.

"ఎప్పట్నించే? గడ్డేమైనా తగులుతోందా?"

"క్యాన్సర్ కాదమ్మా, నెక్రోమాన్సర్. ఆటలో నా క్లాసు. చచ్చినవాళ్ళని లేపి యుద్ధానికి పంపుతాను."

"ప్రభువు చేసే పని నీకప్పగించారా తల్లీ?" అంది కుర్చీలో కూర్చున్న సత్యవేదమ్మ. ఆవిడ ప్రభావతి అత్తగారు.

రోజూ కూతురికి క్లాసు పీకే ప్రభావతికి ఆ పూట కూతురే క్లాసుల మీద క్లాసు పీకింది.

ఆ ఆటలో ఒక్కొక్కరూ రెండు క్లాసులు ఎంచుకుని కలుపుకోవాలి. సుప్రియది నెక్రోమాన్సర్, విలుకాడు. ఏలూరులో ఉండే స్నేహితుడు మణిదీప్‌ది యోధుడు, మాంత్రికుడు. మూడోవాడు మాత్రం వీళ్ళిద్దరూ ఎంచుకునేదాకా ఆగి, జట్టులో ఏది తక్కువైతే అది తీసుకుంటాడు.

"వైద్యుణ్ణీ కావలివాణ్ణీ కలిపాడమ్మా. ఒక్క దెబ్బ కొట్టలేడు. దండగ కాంబినేషన్ అని మణిదీప్ ఒకటే ఏడిపిస్తాడు."

"ఎవరబ్బాయి?"

"తెలీదు. ఆటలో పేరు గూడబాతు."

ప్రభావతి ఊపిరి పీల్చుకుని చుట్టూ చూసింది. ఊపిరి మళ్ళీ ఆగింది.

కొల్లేరు వాళ్ళ వీధిలోనే కాపురం పెట్టింది. తారురోడ్డు నిన్ననే తారుమారైంది. రేపు అత్తగారికి డయాలసిస్. ఏలూరు మాట అటుంచి, ఏ ఊరికీ దారి లేదు. భర్త నెల్సన్ తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో పనికెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో మిగిలింది ముగ్గురు ఆడవాళ్ళు.

ఫోను టింగుమంది. ప్రభావతి కూతురి భుజం మీదుగా తొంగి చూసింది. ఊరూ వీధీ అప్పటికే చెప్పేసినట్టుంది. గూడబాతు ఇంకా వరసగా అడుగుతున్నాడు. సుప్రియ వరసగా జవాబులు కొడుతోంది.

'మీ ఇంటికి డాబా ఉందా?'

'ఉంది.'

'గేటు ఏ రంగు?'

'నీలం.'

'మొత్తం ఎంతమంది? నడవలేనివాళ్ళున్నారా?'

'ముగ్గురం. మామ్మ నడవలేదు.'

'మగవాళ్ళున్నారా?'

ప్రభావతి ఫోను లాక్కుంది.

"చెప్పేశావా?"

"లేరని పెట్టేశానమ్మా."

"గూడబాతు కాదే, గూడుపుఠాణీ బాతు. చాట్ చాటున ఇల్లు కొలుస్తున్నాడు."

"ఏడాదిగా మాతో ఆడుతున్నాడమ్మా. ఏనాడూ ఒక్క తప్పుడు మాట..."

"ముందు వాణ్ణి తీసెయ్."

సుప్రియ ఫోను తీసుకుని బ్లాక్ నొక్కింది. జట్టులో మూడో గడి ఖాళీ అయింది.

ఆ తర్వాత ప్రభావతి నీళ్ళకి భయపడటం మానేసి, నీళ్ళ మీద వచ్చేవాళ్ళకి భయపడటం మొదలుపెట్టింది. గుర్రపుడెక్క గుంపు గేటుకి తగిలినా, గుర్రాల మీద దొంగలొచ్చినట్టు ఉలిక్కిపడింది. నీళ్ళు ఐదో మెట్టెక్కాయి.

నాలుగింటికి మరపడవ చప్పుడైంది. అందులో ఇద్దరు మగవాళ్ళు. వీధిలో ఏ ఇంటి ముందూ ఆగకుండా తిన్నగా నీలం గేటు దగ్గరికే వచ్చారు.

"డాబా ఇల్లు, నీలం గేటు, ముగ్గురు ఆడవాళ్ళు, మామ్మగారు నడవలేరు. మీరేనా అండీ?"

ప్రభావతి కూతురి వంక చూసింది. ఒక్కొక్క మాటా ఆ ఫోనులోదే.

"కాదండీ. మాది వేరే ఇల్లు," అంది.

పడవవాళ్ళు నీలం గేటు వంకా, కుర్చీలో ఉన్న ముసలావిడ వంకా చూశారు.

"చీకటి పడితే మళ్ళీ రాలేమండీ."

సత్యవేదమ్మ కోడలి చెంగు పట్టుకుంది. ఆవిడ కాళ్ళు అప్పటికే ఉబ్బిపోయాయి.

"ఎక్కించమ్మా. దొంగలైతే మాత్రం మన దగ్గర ఎత్తుకుపోవడానికేముంది, నన్ను తప్ప?"

ప్రభావతి తువ్వాల్లో కూరగాయల కత్తి చుట్టుకుని మరీ పడవెక్కింది. వాళ్ళిద్దరూ సత్యవేదమ్మను కుర్చీతో సహా ఎత్తి పడవలో దించారు. "మా ఆయన ఒడ్డునే ఉన్నారండీ" అని ప్రభావతి దారిలో నాలుగుసార్లు అబద్ధమాడింది. ప్రతిసారీ కత్తి పిడి మీద వేళ్ళు బిగిశాయి.

ఒడ్డున టెంటు, అంబులెన్సు ఉన్నాయి. బల్ల వెనకాల వెంకట్రాజు అనే ఉద్యోగి కాగితాల కట్టతో కూర్చున్నాడు. సత్యవేదమ్మను అంబులెన్సులోకి ఎక్కించాక ప్రభావతి బల్ల దగ్గరికొచ్చింది.

"మా ఇంటి గుట్టంతా మీకెవరు చెప్పారండీ?"

టెంటులో ఉన్న జనమంతా ఇటు తిరిగారు.

"గుట్టేముందమ్మా, జాబితా ఉంది," అన్నాడు వెంకట్రాజు. "డాబా ఉంటే కాసేపు ఆగగలరు. గేటు రంగు తెలిస్తే ఇల్లు వెతుక్కోనక్కర్లేదు. నడవలేనివాళ్ళుండి, ఎత్తడానికి మగవాళ్ళు లేకపోతే మేమే ఇద్దర్ని పంపాలి. ఇలా నూట పధ్నాలుగు ఇళ్ళు. ఫోనులో తనతో ఆటలాడే పిల్లల్నీ, వాళ్ళ స్నేహితుల్నీ అడిగి ఒకే ఒక్కడు పొద్దుట్నుంచీ రాసి పంపాడండీ."

"మా మనవణ్ణీ అడిగాడట. దొంగాడనుకుని ఫోను ఆపించేశాను," అన్నాడు వెనక నుంచి ఓ పెద్దాయన.

ఇంకెవరో తలదించుకున్నారు.

ప్రభావతి తువ్వాలు మూటని కొంగు కిందికి తోసింది.

"ఆయన మీ ఆఫీసులోనే ఉంటారా అండీ? ఒక్కసారి మాట్లాడిస్తారా?"

"మా ఆఫీసు కాదమ్మా. మధ్యాహ్నం రెండింటి నుంచి ఆ ఫోను మోగడం లేదు."

వెంకట్రాజు ఆఖరి కాగితం ఆమె వైపు తిప్పాడు.

నూట పధ్నాలుగు ఇళ్ళ కింద ఇంకొక్క వరస ఉంది: పెంకుటిల్లు, డాబా లేదు, ఒక్కణ్ణే, నడవలేను.