అరవయ్యో అంతస్తులో అనుకోని కలయిక

"పట్టుచీర కిందకి స్పోర్ట్స్ షూసా అమ్మా! అందరూ మనల్నే చూస్తున్నారు," లిఫ్ట్‌లో రిషిత గుసగుసగా అరిచింది.

"చూడనీ. నడవాలి కదా," అంది లీలావతి.

అసలు సంగతి వేరు. పైన కలవాల్సిన అబ్బాయి తల్లి ఉషాగారికి అది ఆనవాలు. ఆవిడా అలాగే వస్తానంది. పెళ్లిచూపులన్న మాట వింటే చాలు, రిషిత కారు తాళాలు తీసుకుని మాయమవుతుంది. అందుకే తల్లులిద్దరూ హ్యూస్టన్‌లోని ఈ మేడమీద 'అనుకోకుండా' కలుసుకోవాలని నిర్ణయించుకున్నారు. టికెట్ లేదు. ఎవరైనా పైకెక్కి ఊరంతా చూసి రావచ్చు. ఫ్రీగా చూపించే చోట ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే ఎవరికి అనుమానమొస్తుంది?

"మీరు నోరు జారకండి," అని భర్త చెవిలో ఊదింది.

"నోరు తెరిస్తే కదా జారడానికి," అన్నాడు చక్రపాణి.

లిఫ్ట్ తలుపులు తెరుచుకోగానే లీలావతి గుండె గతుక్కుమంది. అద్దాల గోడ దగ్గర చీరలు కట్టుకున్న ఆడవాళ్లు నలుగురు. నలుగురి కాళ్లకీ స్పోర్ట్స్ షూసే! ముగ్గురు ఇండియా నుంచి వచ్చిన అత్తగార్లు. చీరలమీద అల్లుళ్ల ఆఫీసు జాకెట్లున్నాయి. నాలుగో ఆవిడ పక్కన మాత్రం పెళ్లీడు కుర్రాడు. ఉషాగారు పంపిన ఫొటోలో మొహమంతా స్కీ టోపీ, నల్లకళ్లద్దాలే అయినా, ఎత్తు సరిపోయింది.

"అరె, మీరు తెలుగువాళ్లా!" అంటూ దగ్గరికెళ్లింది లీలావతి.

"అవునండీ! ఎలా కనిపెట్టారు?" ఆవిడ కళ్లింత చేసుకుంది.

ఏం నటన, అనుకుంది లీలావతి. "ఎక్కడుంటారు?"

"షుగర్‌ల్యాండ్. వీడు మా అబ్బాయి నిశాంత్."

ఫోన్లో కేటీలో ఉంటామని చెప్పి ఇక్కడ ఊరు మార్చేసింది. కొడుకు హర్షవర్ధన్‌ని నిశాంత్‌ని చేసేసింది! తను వెనకబడటం ఇష్టంలేక లీలావతి, "మేం డాలస్ నుంచి వచ్చాం," అంది. చక్రపాణికి పొలమారింది.

"బాబూ, మా అమ్మాయికి ఇక్కణ్ణుంచి స్టేడియం ఎటుందో చూపిస్తావా?"

"ష్యూర్ ఆంటీ."

పిల్లలిద్దరూ అటు వెళ్లగానే లీలావతి గొంతు తగ్గించింది. "ఇక నటన చాలండీ. మావైపు నుంచి సరే. మీరేమంటారు?"

"దేనికండీ?"

"పెళ్లికి!"

ఆవిడ నోరు తెరిచి లీలావతిని చూసింది. తర్వాత అద్దం దగ్గర నవ్వుకుంటున్న జంటని చూసింది. "ఇంత తొందరగానా? అయినా పిల్ల లక్షణంగా ఉంది. నాకైతే నచ్చిందండీ."

"అయితే శ్రావణంలో పెట్టుకుందాం," లీలావతి ఆనందం పట్టలేక ఆవిడ రెండు చేతులూ పట్టేసుకుంది.

ఫోన్ మోగింది. పక్కకెళ్లి తీసింది.

"లీలావతిగారూ, నేను ఉషాని. పార్కింగ్ దొరక్క ఇంకా తిరుగుతూనే ఉన్నామండీ. మా హర్ష ఒకటే విసుక్కుంటున్నాడు."

అరవై అంతస్తులూ కాళ్లకింద కదిలినట్టయింది లీలావతికి. ముక్కూమొహం తెలియని మనిషికి పిల్లనిచ్చేసింది!

"ఏమండీ, కొంప మునిగింది!"

"ఇప్పుడు నోరు తెరవచ్చా?" అన్నాడు చక్రపాణి.

లీలావతి వినిపించుకోలేదు. పిల్లలు ఫోన్ నంబర్లు ఇచ్చుకోకముందే రిషితని లాక్కురావాలని పరుగెత్తింది. స్తంభం దాకా వెళ్లేసరికి అవతల నుంచి నిశాంత్ గొంతు వినిపించింది.

"రిషీ, మన సంగతి ఇంట్లో ఎలా చెప్పాలా అని ఏడాదిగా చస్తున్నాం. ఇందాక చూశావా, మీ అమ్మే మా అమ్మ చేతులు పట్టేసుకుంది! సరిగ్గా ఈ టైమ్‌కి మమ్మీని ఇక్కడికి తీసుకురమ్మన్నావు. అసలు మీ అమ్మ ప్లాన్ నీకెలా తెలిసింది?"

"తెలీకేం? మా అమ్మ సీక్రెట్స్ కూడా స్పీకర్‌ఫోన్లోనే మాట్లాడుతుంది."