నత్త నాలుక

మూత తెరుచుకున్న నత్తను చూడగానే సుందరరాజు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

1997 జనవరి. నంద్యాలలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబులో మనిషికొక ట్రే, ట్రేకొక నత్త. కె.సి. కెనాల్లో ఏరి తెచ్చినవాటిని అటెండరు మద్దిలేటి వేడినీళ్లలో ముంచి చంపాడు. గదంతా కుళ్లిన బురద వాసన.

పేర్లన్నీ సుందరరాజుకు నోటికి వచ్చు. మొలస్కా వర్గం, గాస్ట్రోపోడా విభాగం, పైలా ప్రజాతి. పొట్ట భాగమే పాదంగా పాకే జీవులని, ఎదిగేటప్పుడు ఒళ్లు మెలిపడి మలద్వారం తల దగ్గరికే వచ్చేస్తుందని నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. చెప్పడం వేరు, ముట్టుకోవడం వేరు. ఇంతవరకు ప్రతిసారీ ఎలాగో తప్పించుకున్నాడు. ఒకసారి జ్వరమన్నాడు. ఇంకోసారి పక్కవాడు కోసిన నత్తనే తనదని చూపించాడు.

ఈసారి కుదరదు. ప్రిన్సిపాల్ ఆదినారాయణ స్వయంగా వచ్చి నిలబడ్డాడు. నత్త నోట్లోంచి రాడ్యులా తీసి, మైక్రోస్కోపు కింద తనకు చూపించాలన్నాడు. రాడ్యులా అంటే నత్త నాలుక. సన్నటి రిబ్బను, దాని నిండా కంటికి కనిపించని పళ్లు.

ఈ కాలేజీలో చోటు కోసం ఆళ్లగడ్డలో నాయన ఇద్దరు పెద్దమనుషుల ఇళ్ల చుట్టూ తిరిగాడు. ఇదీ నిలబెట్టుకోలేకపోతే వచ్చి విత్తనాల అంగట్లో కూచోమని చెప్పి మరీ బస్సెక్కించాడు.

సుందరరాజు కత్తెరతో గుల్ల పగలగొట్టాడు. బంక తీగలు తీగలుగా సాగి వేళ్లకు చుట్టుకుంది. మెలితిరిగిన పేగుల కుప్ప ట్రేలోకి జారింది. ముదురాకుపచ్చ ముద్ద ఒకటి చిట్లి, రసం మణికట్టు దాకా కారింది.

"ఏమప్పా సుందరరాజూ, ఎంతసేపు?" అన్నాడు ప్రిన్సిపాల్.

అంతలో ఫోనొచ్చిందని మద్దిలేటి పిలిచాడు. వచ్చి చూస్తానని చెప్పి ప్రిన్సిపాల్ వెళ్లాడు.

సుందరరాజు సింకు దగ్గరికి పరుగెత్తి, పొద్దున తిన్న ఉగ్గాని మొత్తం కక్కేశాడు.

తిరిగొచ్చేసరికి అతని ట్రే ముందు లూదియా నిలబడి ఉంది. బేతంచెర్లలో బండలు పాలిషు పట్టే కూలీ కూతురు. తన నత్తను ఎప్పుడో ముగించేసింది.

"జరగండి. నేను తీస్తా," అంది మెల్లగా.

వట్టి చేతులతోనే నత్త తల పట్టుకుంది. నోటి దగ్గరి కండముద్దను కోసి తీసి, కాస్టిక్ పొటాష్‌లో మరిగించింది. మాంసమంతా కరిగి గోధుమరంగు దారం మిగిలింది. దాన్ని కడిగి గాజుపలక మీద పరిచింది. మిగతావాళ్లు తమ నత్తలతో అవస్థ పడుతూ తలెత్తలేదు.

"ఎవరికీ చెప్పొద్దు లూదియా," అన్నాడు సుందరరాజు నోరు తుడుచుకుంటూ.

"ఎందుకు చెప్తా? మా నాయన గూడా బల్లిని జూస్తే ఇంట్లోనుంచి బయటికి పోతాడు. మీరు ఇన్ని నీళ్లు తాగండి."

ప్రిన్సిపాల్ వచ్చి మైక్రోస్కోపులోకి చూశాడు. వరుసకు ఏడేసి పళ్లు. ఒక్క వరుసా చెదరలేదు. సుందరరాజు భుజం తట్టి, ఇంత చక్కగా తీసినవాళ్లను ఈ మధ్య చూడలేదని మెచ్చుకున్నాడు. లూదియా తన బల్ల దగ్గర తలొంచుకుని ట్రే కడుక్కుంటోంది.

గండం గడిచింది. కానీ ఆ రోజు నుంచి లూదియా ఎదురైతే సుందరరాజుకు ఆ బురద వాసనే కొట్టేది. ఆమె వేళ్లు చూస్తే బంక గుర్తొచ్చేది. "ఇప్పుడు బాగుండారా?" అని ఆమె ఒకసారి నవ్వుతూ పలకరించింది. ఆ నవ్వు నత్తకన్నా రోతగా అనిపించింది. తను కక్కుకోవడం చూసిన కళ్లు అవి. వరండాలో ఆమె వస్తుంటే గోడవైపు తిరిగిపోయేవాడు. ఈ పిల్ల కాలేజీలో లేకపోతే ఎంత బాగుండు అనుకునేవాడు.

ఏప్రిల్‌లో ప్రాక్టికల్ మార్కుల జాబితా బోర్డు మీద పెట్టారు. మిగతా అందరికీ యాభైకి ముప్పై దాటాయి. లూదియాకు పదకొండు.

ఆమె ఆ అంకెను వేలితో రుద్ది చూసింది. సిరా చెరగలేదు. ఫెయిలైతే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. అది ఆగితే చదువూ ఆగిపోతుంది, ఇక నాయన వెంట బండల పనికే.

ఎక్కడో పొరపాటు పడి ఉంటుందని, మార్కులు వేసినవాళ్లనే అడగమని పక్కనున్న నాగజ్యోతి చెప్పింది. లూదియా జాబితా అడుగుకు చూసింది.

అక్కడ 'జువాలజీ లెక్చరర్' అన్న అక్షరాల పైన సుందరరాజు సంతకం ఉంది.